లారీ కార్మికులకు వైద్యసౌకర్యాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వృత్తిరీత్యా నెలలో అధికభాగం ఇంటికి, ఊరికి దూరంగా గడిపే పురుషకార్మికులలో లారీ డ్రైవర్లు, క్లీనర్లు ముఖ్యులు. స్వాతంత్ర్యానంతర భారతదేశంలో వీరికి వైద్యం అందించడానికి జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. సముద్రయాన కార్మికుల విషయంలో 1924 నాటికే రూపొందిన అంతర్జాతీయ నమూనాను కొలబద్దగా తీసుకొని, కార్మికచట్టాలను, ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలను, ఇటీవలి ఆరోగ్యబీమా పథకాలను దానితో పోల్చుతుంది. లారీ కార్మికుడికి వైద్యం చేరువైన సందర్భాలలో ప్రధానమైనది అతని శరీరం ఇతరులకు ప్రమాదకరమని సమాజం భావించిన సందర్భమేననీ, అతని సొంత జబ్బులు చాలాకాలం లెక్కకు రాలేదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లారీ కార్మికులు, ప్రజారోగ్య చరిత్ర, మోటారు రవాణా కార్మికుల చట్టం, ఎయిడ్స్ నియంత్రణ, ఆరోగ్యశ్రీ, జాతీయ రహదారులు.

1. ఉపోద్ఘాతం

గుంటూరు మిర్చియార్డులో సరుకు ఎత్తుకొన్న లారీ ఢిల్లీ చేరి, అక్కడ తిరుగు లోడు కోసం కాచుకొని, మళ్లీ సొంత జిల్లాకు వచ్చేసరికి పది పదిహేను రోజులు పట్టడం సాధారణం. ఈ మధ్యకాలంలో డ్రైవరుకు జ్వరం వస్తే అతని ముందు ఉండే దారులు చాలా తక్కువ. ప్రభుత్వాసుపత్రిలో బయటిరోగుల విభాగం ప్రధానంగా పగటిపూట నడుస్తుంది. అతను స్టీరింగు వదిలే వేళ తరచుగా రాత్రి. లోడుతో ఉన్న బండిని ఆసుపత్రి వీధిలో నిలపడానికి చోటుండదు, రోడ్డు పక్కన వదిలివెళ్తే సరుకుకు పూచీ ఉండదు. ఒక పూట ఆగితే సరుకు ఆలస్యమవుతుంది, తరువాతి కిరాయి చేజారుతుంది. భాష తెలియని ఊళ్లో వైద్యుడికి బాధ చెప్పుకోవడం మరో ఇబ్బంది. అందువల్ల మందులషాపులో నాలుగు మాత్రలు కొనుక్కొని బండి కదిలించడమే ఈ వృత్తిలో పరిపాటిగా మారింది.

ఈ పరిస్థితికి డ్రైవర్ల అజాగ్రత్తను కారణంగా చూపడం అధికారిక భాషలోనూ లోకవ్యవహారంలోనూ కనిపించే ధోరణి. చరిత్రను పరిశీలిస్తే వేరొక కారణం బలంగా కనిపిస్తుంది. ఆధునిక వైద్యవ్యవస్థ, సంక్షేమవ్యవస్థ రెండూ రోగికి ఒక స్థిరమైన చిరునామా ఉంటుందన్న భావనపై నిర్మితమయ్యాయి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి పరిధి ఉంటుంది, డిస్పెన్సరీకి చందాదారుల జాబితా ఉంటుంది, రేషన్‌కార్డుకు ఊరు ఉంటుంది. నిరంతరం కదిలే మనిషి ఈ లెక్కలలో ఇమడడు. అతనికోసం వ్యవస్థ ఎప్పుడు, ఎందుకు, ఎంతమేరకు మారిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. ఓడకార్మికులు: తొలి నమూనా

ప్రయాణమే వృత్తిగా గల పురుషుల ఆరోగ్యం గురించి ప్రభుత్వాలు మొదట ఆలోచించింది రేవులలో. అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1798లో చేసిన చట్టం ప్రకారం ప్రతి వాణిజ్య నావికుని జీతంలో నెలకు 20 సెంట్లు మినహాయించి, ఆ నిధితో రేవుపట్టణాలలో అతనికి చికిత్స ఏర్పాటు చేశారు. కాలక్రమంలో ఆ దేశపు ప్రజారోగ్య సేవావిభాగం ఈ ఏర్పాటు నుంచే పెరిగింది.

అంతకంటే విశిష్టమైనది 1924 డిసెంబరు 1న బ్రసెల్స్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం. సుఖవ్యాధులు సోకిన వాణిజ్య నావికులకు చికిత్స చేయడం దాని ఉద్దేశం. అందులో నాలుగు అంశాలు గమనించదగినవి. మొదటిది, జాతీయతతో నిమిత్తం లేకుండా ఏ నావికుడికైనా రేవులో చికిత్స చేయాలి. రెండవది, చికిత్స, మందులు, అవసరమైతే ఆసుపత్రి వసతి ఉచితం. మూడవది, ఓడ తరువాతి రేవు చేరేవరకు సరిపోయే మందులు వెంట ఇచ్చి పంపాలి. నాలుగవది, రోగి దగ్గర ఒక వ్యక్తిగత పుస్తకం ఉండాలి. అందులో పేరుకు బదులు సంఖ్య ఉంటుంది, జరిగిన చికిత్స నమోదవుతుంది, తరువాతి రేవులోని వైద్యుడు దాన్ని చూసి చికిత్స కొనసాగిస్తాడు.

వైద్యం మనిషి వెంట ప్రయాణించాలన్న సూత్రం ఇక్కడ స్పష్టమైన పాలనారూపం పొందింది. అయితే ఈ ఔదార్యం వెనుక ఉన్న ప్రేరణ కూడా అంతే స్పష్టం. నావికుడి విరిగిన కాలికి గానీ క్షయకు గానీ ఈ ఒప్పందం వర్తించలేదు. రేవునుంచి రేవుకు సంక్రమించే వ్యాధి కాబట్టే దేశాలు ఏకమయ్యాయి. ఎనిమిది దశాబ్దాల తరువాత భారతదేశపు రహదారుల మీద ఇదే కథ దాదాపు యథాతథంగా పునరావృతమైంది.

3. చట్టం చూసిన కార్మికుడు

స్వతంత్ర భారతదేశం కార్మికుల ఆరోగ్యానికి వేసిన మొదటి పెద్ద అడుగు 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టం. ఈ పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ప్రారంభమై, క్రమంగా ఒక్కొక్క ప్రాంతానికి విస్తరించింది. దాని స్వరూపం కర్మాగార కార్మికుడికి తగినట్టుగా రూపొందింది. చందాదారుడు నోటిఫై చేసిన ప్రాంతంలో పనిచేయాలి, ఒక నిర్ణీత డిస్పెన్సరీకి అనుబంధంగా ఉండాలి. రోడ్డురవాణా సంస్థలను పథకంలోకి తెచ్చే అవకాశాన్ని చట్టం రాష్ట్రాలకు ఇచ్చినా, కొద్దిమంది పనివారితో నడిచే సంస్థలు సంఖ్యాపరిమితి కారణంగా బయటే ఉండిపోయాయి.

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. దీన్ని చదివినప్పుడు దాని రూపకర్తలు ప్రయాణజీవితాన్ని శ్రద్ధగా గమనించారని తెలుస్తుంది. పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్నది సాధారణ నియమం. దూరమార్గాలకు 10 గంటలు, 54 గంటల వరకు సడలింపు ఉంది. విశ్రాంతిగదులు, క్యాంటీన్లు ఏర్పరచాలని చట్టం చెప్పింది. ప్రతి రవాణావాహనంలో ప్రథమచికిత్స పెట్టె ఉండాలన్నది. అన్నిటికంటే ముఖ్యంగా, రాష్ట్రప్రభుత్వం నిర్దేశించిన నిర్వహణకేంద్రాలలో, బళ్లు ఆగే స్థలాలలో యజమాని వైద్యసౌకర్యం కల్పించాలన్నది. ఆగే చోటే వైద్యం ఉండాలన్న ఆలోచన అప్పటికే చట్టంలోకి ఎక్కిందన్నమాట.

అయితే ఆ చట్టం ఐదుగురు లేదా అంతకుమించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది, భారమంతా యజమానిపై మోపింది. ఈ రెండు షరతులు ఎవరికి అనుకూలించాయో తెలుసుకోవడానికి తెలుగునేల మంచి ఉదాహరణ. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థకు డిపోలున్నాయి, సర్వీసు రికార్డులున్నాయి, తార్నాకలో సొంత ఆసుపత్రి ఏర్పడింది. బస్సు డ్రైవరు ఎంత దూరం వెళ్లినా తిరిగి తన డిపోకే వస్తాడు. రైలింజను డ్రైవరుకు దారిపొడవునా రన్నింగ్ రూములు, లాలాగూడ వంటి చోట్ల రైల్వే ఆసుపత్రులు ఉన్నాయి. వీరూ తిరిగే మనుషులే. కానీ వీరికి ఒకే పెద్ద యజమాని ఉన్నాడు.

లారీరంగం పరిస్థితి వేరు. ఇక్కడ ఒకటి రెండు బళ్లున్న యజమానులే అధికం, చాలాచోట్ల డ్రైవరే యజమాని. డ్రైవరుకు, క్లీనరుకు నియామకపత్రం ఉండదు; ట్రిప్పుకు ఇంత అని బత్తా ఉంటుంది. ఈ రోజు ఒక బండి, వచ్చే నెల మరొక బండి. ఐదుగురు కార్మికుల పరిమితి దగ్గరే ఈ రంగంలో పెద్దభాగం చట్టం చేయి జారిపోయింది. లెక్కలోకి వచ్చిన సంస్థలు సైతం తమ లారీలు ఆగే ప్రతి ఊళ్లోనూ వైద్యం ఏర్పాటు చేయగల స్థితిలో లేవు. 2020లో ఆమోదం పొందిన వృత్తిభద్రత, ఆరోగ్యం, పనిపరిస్థితుల స్మృతిలో ఈ చట్టాన్ని విలీనం చేశారు. ఆరు దశాబ్దాలు కాగితం మీద ఉండి, లారీ క్యాబిన్‌లోకి చాలా అరుదుగా ప్రవేశించిన చట్టంగానే అది చరిత్రలో మిగిలింది.

4. భయం తెరిచిన తలుపు

1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. తొలిసారి నిర్ధారణ కావడంతో భారత ప్రజారోగ్య చరిత్రలో కొత్త అధ్యాయం మొదలైంది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది. తమిళనాడులో 1995లో మొదలైన ఎపాక్ ప్రాజెక్టు, ఆ దశాబ్దపు రెండవ భాగంలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో సాగిన హెల్దీ హైవేస్ ప్రాజెక్టు లారీ కార్మికులను తమ ప్రధాన లక్ష్యాలలో చేర్చుకొన్నాయి. 2003లో గేట్స్ ఫౌండేషన్ ప్రారంభించిన ‘అవహాన్’ కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోనూ, వాటితో పాటు జాతీయ రహదారుల వెంట దూరప్రయాణ లారీ కార్మికుల మధ్యనూ పనిచేసింది. రహదారుల భాగాన్ని ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫౌండేషన్ నిర్వహించింది. 2007లో మొదలైన జాతీయ కార్యక్రమపు మూడవ దశ 20 లక్షల మంది లారీ కార్మికులను చేరాలని లక్ష్యంగా పెట్టుకొంది.

కార్మికచట్టాలు నాలుగు దశాబ్దాలలో సాధించలేని చేరువను ఎయిడ్స్ కార్యక్రమాలు కొన్ని సంవత్సరాలలో సాధించాయి. అందుకు కారణం ఆ కార్యక్రమాల పరిభాషలోనే ఉంది. విధానపత్రాలు లారీ డ్రైవరును ‘వంతెన జనాభా’గా వర్గీకరించాయి. అధికప్రమాద సమూహాలనుంచి సాధారణ జనాభాకు, అంటే గ్రామాలలోని భార్యలకు, పిల్లలకు, వ్యాధి అతని మీదుగా దాటుతుందని ఆ మాటకు అర్థం. వంతెనను కాపాడేది వంతెన కోసం కాదు, దాని మీదుగా ఏది దాటుతుందో దాన్ని అదుపు చేయడానికి.

ఈ భయం నిరాధారమైనది కాదు. ఆంధ్రప్రదేశ్ అధికవ్యాప్తి గల రాష్ట్రాలలో ఒకటిగా ఉండేది. భర్తలనుంచి వ్యాధి సోకిన స్త్రీల బాధ నిజం. నాకో నిఘాసర్వేలలో దూరప్రయాణ లారీ కార్మికులలో హెచ్.ఐ.వి. వ్యాప్తి 2010–11లో 2.59 శాతంగా, 2017లో 0.86 శాతంగా నమోదైంది. ఈ తగ్గుదలలో రహదారి కార్యక్రమాలకు ఎంత వాటా ఉందో విడదీసి చెప్పడం కష్టమైనా, దిశ మాత్రం స్పష్టం. మరోవైపు ఈ ప్రచారం మిగిల్చిన మచ్చ కూడా నిజమే. లారీ డ్రైవరు అనగానే ఎయిడ్స్ గుర్తుకొచ్చే స్థితి ఏర్పడింది. రోడ్డు పక్కన శిబిరంలోకి అడుగుపెడితే తోటివారు ఏమనుకొంటారోనన్న సంకోచం, వైద్యం దగ్గరకు వచ్చిన చోట కూడా దాన్ని దూరం చేసింది.

5. ఆగే చోటును వెదకడం

ఈ కార్యక్రమాలు పరిపాలనకు నేర్పిన పాఠాలు వాటి అసలు లక్ష్యాన్ని మించి విలువైనవి. తొలినాళ్లలో ధాబాల దగ్గర, చెక్‌పోస్టుల దగ్గర పనిచేయాలన్న ఆలోచన ప్రబలంగా ఉండేది. అనుభవంలో తేలినదేమిటంటే, ధాబాలో డ్రైవరు తిని లేస్తాడు. సరుకు దించి, కొత్త లోడు కోసం కాచుకొనే చోట మాత్రం గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు గడుపుతాడు. విజయవాడ ఆటోనగర్ వంటి ప్రాంతాలు ఇందుకు ఉదాహరణ. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, మెకానిక్ షెడ్లు, టైర్ల దుకాణాలు, హోటళ్లు అన్నీ ఒకచోట ఉండే ఇటువంటి కూడళ్లలో డ్రైవరుకు తీరిక ఉంటుంది, బండికి నిలిచే చోటూ ఉంటుంది. అందుకే అవహాన్ రహదారి కార్యక్రమం క్రమంగా చెదురుమదురు శిబిరాలను తగ్గించి, పెద్ద సరుకుమార్పిడి కేంద్రాలపై దృష్టి నిలిపింది.

రెండవ పాఠం గుర్తింపుకు సంబంధించినది. ‘ఖుషీ’ అన్న ఒకే పేరుతో క్లినిక్కులు వేర్వేరు రాష్ట్రాలలో వెలిశాయి. చదువు తక్కువైనవాడైనా, భాష తెలియనివాడైనా ఒకచోట చూసిన బోర్డును వెయ్యి కిలోమీటర్ల అవతల గుర్తుపట్టగలడు. మూడవది, ఈ వృత్తిలో ఉన్నవారినే సహచర ప్రచారకులుగా తీసుకోవడం. నాలుగవది అన్నిటికంటే అర్థవంతమైనది: సుఖవ్యాధుల చికిత్స కోసం తెరిచిన క్లినిక్కులు జ్వరం, ఒళ్లునొప్పులు, కడుపునొప్పి వంటి సాధారణ బాధలకు కూడా మందులివ్వవలసి వచ్చింది. డ్రైవర్లను ఆకర్షించే ఉపాయంగా నిర్వాహకులు దీన్ని భావించారు. చరిత్రకారుడి దృష్టిలో అది ఒక సాక్ష్యం. సేవను అందించినవారు ఒక వ్యాధిని వెదుక్కొంటూ వస్తే, సేవను అందుకొన్నవారు తమకు నిజంగా ఏమి కావాలో తమ రాకతోనే తెలియజేశారు.

చికిత్స కొనసాగింపు సమస్య మాత్రం మిగిలింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఏ.ఆర్.టి. మందులు ప్రారంభించినప్పుడు రోగి తాను నమోదైన కేంద్రానికి నెలనెలా రావలసి ఉండేది. నెలలో ఆ ఒక్క రోజు సొంత ఊళ్లో ఉండలేని డ్రైవరుకు మందు ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒకేసారి రెండు మూడు నెలల మందులిచ్చే పద్ధతి 2020 కోవిడ్ కాలంలో విస్తృతమైంది. తరువాతి రేవు దాకా మందులివ్వాలన్న 1924 నాటి నియమం ఆ విధంగా మరో మహమ్మారి ఒత్తిడితో రోడ్డెక్కింది.

6. లెక్కకు రాని జబ్బులు

ఎయిడ్స్ కార్యక్రమాల వెలుగు పడని చోట లారీ కార్మికుని నిత్యరోగాలున్నాయి. గంటల తరబడి కూర్చోవడం వల్ల నడుమునొప్పి, వేళతప్పిన భోజనం వల్ల కడుపులో మంట, ఇంజను వేడి, నిద్రలేమి, వయసుతోపాటు రక్తపోటు, మధుమేహం, చూపు మందగించడం. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పది నగరాలలో డ్రైవర్లను అడిగి 2020లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం వారు రోజుకు సగటున దాదాపు 12 గంటలు బండి నడుపుతున్నారు. 1961 చట్టం సాధారణ పరిమితి 8 గంటలని గుర్తుచేసుకొంటే చట్టానికీ రోడ్డుకూ మధ్య దూరం తెలుస్తుంది.

వీటిలో చూపు విషయం ప్రత్యేకంగా పరిశీలించదగినది. 1989 నాటి కేంద్ర మోటారువాహనాల నియమావళి రవాణావాహన లైసెన్సుకు ‘ఫారం 1ఏ’ అనే వైద్యధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది. 25 మీటర్ల దూరం నుంచి నంబరు పలక చదవగలడా, రంగులు గుర్తించగలడా, రేచీకటి ఉందా, వినికిడి బాగుందా అని అది అడుగుతుంది. మూడేళ్లకొకసారి, 2019 సవరణ తరువాత ఐదేళ్లకొకసారి, లైసెన్సు పునరుద్ధరణ జరుగుతుంది. అంటే లారీ డ్రైవరు జీవితంలో క్రమం తప్పకుండా వైద్యుడు తారసపడే సందర్భం ఒకటి చట్టంలోనే ఉంది. ఆ వైద్యుడు అర్హతను ధ్రువీకరిస్తాడు, కళ్లద్దాలు ఇవ్వడు. పరీక్షలో తప్పితే జీవనాధారం పోతుంది కాబట్టి, జబ్బు దాచుకోవడమే డ్రైవరుకు లాభసాటి అవుతుంది. ఇక్కడ కూడా వ్యవస్థకు ముఖ్యమైనది అతని కన్ను కాదు, ఆ కంటివల్ల ఇతరులకు కలగగల ప్రమాదం.

2017లో సైట్‌సేవర్స్ ఇండియా ప్రారంభించిన ‘రాహీ’ కార్యక్రమం ఈ విషయంలో కొంత మార్పు తెచ్చింది. స్వర్ణచతుర్భుజి మార్గాల వెంట లారీ కేంద్రాలలో కంటిపరీక్షలు చేసి, సాధ్యమైన చోట వెంటనే కళ్లద్దాలు ఇచ్చారు. ప్రత్యేకంగా తయారు చేయవలసినవాటిని డ్రైవరు తరువాత చేరే కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. రోగి వచ్చిన చోటికే మళ్లీ రావాలన్న నియమాన్ని వదిలిన ఈ చిన్న మార్పులో బ్రసెల్స్ సూత్రం సంక్రామిక వ్యాధి ప్రేరణ లేకుండా అమలైంది. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకువాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేయడం కూడా డ్రైవరు శరీరాన్ని అతని కోసమే లెక్కలోకి తీసుకొన్న అరుదైన నిర్ణయాలలో ఒకటి.

7. తెలుగు రాష్ట్రాల పథకాలు: చిరునామా సమస్య

ఇచ్ఛాపురం నుంచి తడ వరకు కోస్తా అంతటా సాగే 16వ నంబరు జాతీయ రహదారి, అంతకుముందు 5వ నంబరుగా ప్రసిద్ధమైన దారి, దేశంలోని ప్రధాన సరుకు రవాణా మార్గాలలో ఒకటి. ప్రజారోగ్యంలో కొత్త పథకాలకు కూడా తెలుగునేల పేరుపొందింది. ఈ రెండూ ఎక్కడ కలిశాయన్నది పరిశీలించాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ రోడ్డుమీది మనిషికి నిజంగా అందిన మొదటి వైద్యసేవ అనవచ్చు. అది కార్డు అడగదు, ఊరు అడగదు. మనిషి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. కానీ అది ప్రాణం మీదికి వచ్చినప్పటి సేవ. దాని తరువాత వచ్చిన 104 సంచారవాహనం రక్తపోటు, మధుమేహం మందులను నిర్ణీత తేదీన పల్లెకు తెచ్చింది. ఇందులో ఒక వైపరీత్యం ఉంది: వైద్యం బండెక్కి ఊరికి వచ్చిన రోజున, బండి నడిపే మనిషి ఊళ్లో ఉండడు.

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పేదకుటుంబాలకు ఖరీదైన చికిత్సను అందుబాటులోకి తెచ్చింది. లారీ కార్మికుల కుటుంబాలకూ అది ఆసరా అయింది. అయితే అర్హత తెల్లరేషన్‌కార్డుతోనూ, చికిత్స అనుబంధ ఆసుపత్రులతోనూ ముడిపడింది. నెల్లూరు డ్రైవరుకు నాగపూరు దగ్గర గుండెనొప్పి వస్తే ఆ కార్డు అక్కరకు రాలేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఆసుపత్రులకు పథకాన్ని విస్తరించడం ఈ లోపాన్ని పాక్షికంగా తగ్గించింది. 2018 సెప్టెంబరు 23న మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు, పథకం అమలయ్యే ఏ రాష్ట్రంలోనైనా చికిత్స పొందే వీలు కల్పించింది. సిద్ధాంతరీత్యా ఇది పెద్ద ముందడుగు. కానీ ఈ పథకం ఆసుపత్రిలో చేరిన రోగికి మాత్రమే వర్తిస్తుంది. రక్తపోటు మాత్ర, చక్కెరపరీక్ష, కళ్లద్దాలు దాని పరిధిలోకి రావు. జబ్బు ముదిరి మంచం పట్టేవరకు దేశవ్యాప్త రక్షణ అతనికి వర్తించదు.

8. ముగింపు

పై పరిశీలనలో మూడు రకాల అనుభవాలు కనిపిస్తాయి. ఒకే పెద్ద యజమాని ఉన్నచోట, రైల్వేలలో, ఆర్టీసీలో, తిరిగే మనిషికి వైద్యం హక్కుగా అందింది. యజమాని చిన్నవాడైన లేదా కనిపించని చోట చట్టం నిష్ఫలమైంది. రోగి ఇతరులకు ముప్పుగా తోచినప్పుడు మాత్రం ప్రభుత్వాలు, దాతృసంస్థలు అతన్ని వెదుక్కొంటూ రోడ్డెక్కాయి. ఆ చివరి అనుభవం లారీ కార్మికుడికి మచ్చను తెచ్చినా, అతనికి వైద్యం అందించడం అసాధ్యమన్న వాదాన్ని శాశ్వతంగా తోసిపుచ్చింది. సరైన చోట, సరైన వేళ, గుర్తుపట్టగల బోర్డుతో తలుపు తెరిస్తే అతను వస్తాడని రుజువైంది.

1924 నాటి నాలుగు సూత్రాలను నేటి పథకాలకు అన్వయిస్తే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. స్థానికతతో నిమిత్తంలేని చికిత్స ఆసుపత్రి స్థాయిలో కొంతవరకు వచ్చింది, బయటిరోగి స్థాయిలో రాలేదు. ఉచితసేవ ఉంది, అది అతని పనివేళలకు కుదరదు. తరువాతి మజిలీ వరకు మందులివ్వడం ఒక వ్యాధికి అమలైంది, దీర్ఘవ్యాధులన్నిటికీ విస్తరించలేదు. రోగి వెంట ప్రయాణించే పుస్తకానికి 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన డిజిటల్ ఆరోగ్యఖాతా వారసురాలు కాగలదు. కానీ నావికుడి పుస్తకంలో పేరు లేదు, సంఖ్య మాత్రమే ఉండేది. రోగం బయటపడితే పని పోతుందన్న భయాన్ని ఆనాటివారు గుర్తించారు. లైసెన్సు కోసం జబ్బు దాచుకొనే డ్రైవరుకు నేటి ఖాతా అటువంటి గోప్యతపై నమ్మకం కలిగించగలిగినప్పుడే అతనికి ఉపయోగపడుతుంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం జాతీయ రహదారుల వెంట డ్రైవర్ల కోసం 1,000 ఆధునిక విశ్రాంతిభవనాలు నిర్మిస్తామని ప్రకటించింది. బళ్లు ఆగే చోట విశ్రాంతి, వైద్యం ఉండాలని 1961 చట్టం చెప్పిన మాటకు ఇది దగ్గరగా ఉంది. ఆ భవనాలలో మంచంతోపాటు రక్తపోటు చూసే మనిషి, నెలకు సరిపడా మాత్రలు కూడా ఉంటాయా అన్నదాన్ని బట్టి, ఈ చరిత్రలో లారీ కార్మికుడు తన కోసమే వైద్యం పొందే దశ మొదలైందో లేదో భావిపరిశోధకులు నిర్ణయిస్తారు.